స్కాట్లండువాడి రాయి

మెర్ల్ సంచి నేనే సర్దాను. అడుగున రెండు ఊలు చొక్కాలు, వాటి మీద ఐదు జతల మేజోళ్ళు, గడ్డం గీసుకునే సామాను, ఆదివారం వేసుకునే బూట్లు. చివర్న పక్కజేబులో వాడి గుండె మాత్రల సీసా పెట్టబోతూ మూత తీసి చూశాను. నిండుగా ఉంది. మంచం మీద తువ్వాలు పరిచి, దాని మీద ఒంపి లెక్కపెట్టాను. తొంభై.

వాడు వెళ్ళేది రెండు వారాలకు. వేసుకునేది రోజుకొకటి. తొంభై ఎందుకు?

"ఒరేయ్, మూడు నెలలకు సరిపడా మందు తీసుకెళ్తున్నావేం?" అని మెట్ల మీంచి కిందికి అడిగాను.

"షాపులో సీసా అలాగే ఇచ్చారక్కా. లెక్కపెట్టి తీసే ఓపిక నాకు లేదు. నీకుంటే తియ్యి."

తియ్యలేదు. ఒక్కొక్కటే మళ్ళీ సీసాలో వేసి మూత బిగించాను.

నాకప్పుడు ఎనభై ఒకటి, వాడికి డెబ్బై ఏడు. నా చేత్తో సర్దిన సంచులంటే నాకు భయం. నాకు పదమూడేళ్ళప్పుడు అమ్మకు జ్వరమొస్తే నాన్న భోజనం డబ్బా నేను సర్దాను. ఆ నవంబరు ఉదయం చేపలకు వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. ఇరవై ఆరేళ్ళప్పుడు మా ఆయన ఎవరెట్ పెట్టె సర్దాను. పోర్ట్‌లండ్‌లో పని దొరగ్గానే కబురు చేస్తానని బస్సెక్కాడు. కబురు రాలేదు. ఎవరితో ఉంటున్నాడో మాత్రం మూడేళ్ళకు తెలిసింది. అప్పుడు పుట్టింటికి వచ్చేశాను. మొదట అమ్మా నేనూ మెర్లూ, అమ్మ పోయాక మేమిద్దరం. మెర్ల్ పెళ్ళి చేసుకోలేదు. సామిల్లులో నలభై ఏళ్ళు పనిచేసి, ఎడమచేతి వేళ్ళు రెండు అక్కడే వదిలి, వచ్చి వంటింటి బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చున్నాడు. ఇక అక్కడినుంచి లేవడనే అనుకున్నాను.

ఆ ఏడాది మే నెలాఖరులో వచ్చింది ఆవిడ.

ఆ వారం అమెరికాలో, మా మెయిన్ రాష్ట్రంలో అందరూ తమవాళ్ళ సమాధులు శుభ్రం చేసుకుంటారు. మావాళ్ళవి ఇంటి వెనకే, ఆపిల్ చెట్లు దాటి మిట్ట మీద ఉన్నాయి. పంతొమ్మిది పలకలు, ఇంకా అక్షరం ముక్క లేని మోకాలెత్తు రాయి ఒకటి. దాన్ని స్కాట్లండువాడి రాయి అంటాం. 1650లో స్కాట్లండ్‌లోని డన్‌బార్ దగ్గర యుద్ధంలో ఓడి ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కి, ఓడలో ఇక్కడికి తోలుకొచ్చి మిల్లుకు అమ్మిన ఖైదీల్లో ఒకడు, మా వంశానికి మొదటివాడు, ఆలిస్టర్ కిన్నెల్. ఆ రాయి కింద ఉన్నది అతనేనని అమ్మ చెప్పింది, అమ్మకు మా నాయనమ్మ చెప్పింది. పలకలన్నిటికీ మెర్ల్ సున్నపు మరకలు గీకుతాడు. రాయి మాత్రం నాది. చుట్టూ ఆకులు ఊడ్చి, నాచు గోటితో తీసి, చిన్న జెండా గుచ్చుతాను. పదిహేనేళ్ళ పిల్లప్పటినుంచీ నా పనే.

ముఖం నిండా నల్ల ఈగలు ముసురుతుంటే తలకు గుడ్డ చుట్టుకుని ఊడుస్తున్నాను. ఇంటి ముందు తలుపు ఎవరో కొడుతున్న చప్పుడైంది. మా ముందు తలుపు ఎవరూ కొట్టరు. తెలిసినవాళ్ళు కట్టెల కొట్టంలోంచి వంటింట్లోకి వస్తారు. అమ్మ శవపేటిక బయటికి తీసిననాడు తెరిచిందే ముందు తలుపు, ముప్ఫై రెండేళ్ళ కిందట. చెక్క ఉబ్బిపోయి ఇప్పుడు తెరుచుకోదు కూడా. నేను చుట్టూ తిరిగి వెళ్ళేసరికి ఒహాయో నంబరు కారు, దాని పక్కన తెల్లజుట్టు కత్తిరించుకున్న ఆవిడ, చేతిలో ఇంత లావు కాగితాల కట్ట.

తన పేరు కొరీన్ అట. భర్త పోయి నాలుగేళ్ళట. ఆలిస్టర్‌కు ఆన్ అని కూతురుండేదట, తను ఆ ఆన్ సంతతట. "అంటే మనం అక్కచెల్లెళ్ళం అవుతామండీ, తొమ్మిది తరాల దూరంలో," అంది నవ్వుతూ.

తొమ్మిది తరాల దూరంనుంచి చుట్టరికం తవ్వుకుంటూ వచ్చేవాళ్ళు ఊరికే రారు. నేను నవ్వలేదు. అంతలో మెర్ల్ వచ్చి ఆవిడను రాయి దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, నేనప్పుడే ఊడ్చిన చోట చెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. నా రాయి మీద ఎవరో చెయ్యి వేస్తే చూడటం అదే మొదటిసారి.

జూన్‌లో ఆవిడ ఊళ్ళోనే గది తీసుకుంది. రికార్డులు చూసుకోవాలంది. రెండోవారానికల్లా కట్టెల కొట్టంలోంచి, తలుపు తట్టకుండా రావడం మొదలుపెట్టింది. నేను శనివారం చిక్కుడుగింజలు ఉడకబెడితే మెర్ల్ లేచి మూడో పళ్ళెం పెట్టేవాడు. ఒకరోజు చిన్న గాజుగొట్టం తెచ్చి వాడిచేత అందులో ఉమ్మించింది. అది పరీక్షకు పంపితే స్కాట్లండ్‌లో ఉన్న కిన్నెల్ మగవాళ్ళ రక్తంతో సరిపోల్చి చెప్తారట.

"అక్కా, నా జన్మలో నా ఉమ్మికి విలువ కట్టినవాళ్ళు వీళ్ళే," అన్నాడు మెర్ల్. ఇద్దరూ నవ్వుకున్నారు. వాడు అలా నవ్వడం నేను మిల్లు మూసేశాక వినలేదు.

జూలైలో ఫలితం వచ్చినట్టుంది. వచ్చినట్టుంది అని ఎందుకంటున్నానంటే, నాకెవరూ చెప్పలేదు. పెరట్లో పుల్లటి రేవుచిన్ని కాడలు కోసుకుని వంటింట్లోకి వస్తున్నాను. బల్ల మీద గోధుమరంగు కవరు. నన్ను చూడగానే మెర్ల్ దాన్ని మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. కొరీన్ లేచి కిటికీలోంచి బయటికి చూసింది. ఏంటది అన్నాను. మిల్లు పింఛను కాగితాలన్నాడు. పింఛను కాగితాలు ఒహాయో ఆవిడ చేతికి ఎందుకొస్తాయని అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం చెప్పాలి వాడు.

ఆ తర్వాతనుంచి నేను గదిలోకి వెళ్తే మాటలు ఆగిపోయేవి. ఇల్లు మెర్ల్ పేరు మీదుంది. అమ్మ అలా రాసింది, నాకు మొగుడున్నాడని. వాడు లేనప్పుడు రెండుసార్లు వాడి సొరుగులు వెతికాను. సిగ్గుపడుతూనే వెతికాను. గడియారం వెనక చూశాను, పిండిడబ్బాలో కూడా చూశాను. కవరు దొరకలేదు. ఇల్లు అమ్మేస్తారా, ఆవిడ ఇక్కడికొచ్చి ఉంటుందా, వాడే అక్కడికి పోతాడా, ఈ మూడే నా తలలో తిరిగేవి. నన్నెక్కడ ఉంచుతారో ఊహించుకుని, ఆ వృద్ధాశ్రమం కిటికీలు ఏ వైపుకుంటాయో కూడా ఊహించుకునేదాన్ని.

ఆగస్టు మొదటి వారంలో భోజనం మధ్యలో చెప్పాడు. కొరీన్ సెప్టెంబరులో స్కాట్లండ్ వెళ్తోందట. తనూ వెళ్తాడట.

"పోర్ట్‌లండ్ దాటి ఎప్పుడైనా వెళ్ళావురా నువ్వు?" అన్నాను.

"అందుకే."

నేను పళ్ళేలు కడిగాను.

ఆగస్టు మూడో శనివారం ఖైదీల వంశాలవాళ్ళు ఏటా కలుసుకుంటాం, చర్చి హాల్లో. ఆ ఏడాది డెబ్బైమందిదాకా వచ్చారు. నేను నీలిపండ్ల కేకు పట్టుకెళ్ళాను. తొంభై దాటిన పీటర్సన్ గారు ఎప్పట్లాగే మైకు ముందు నిలబడి, "మన పెద్దలంతా ఖైదీలే కదా, పక్కవాడి జేబు మీద కాకపోయినా మీ చెంచాల మీద కన్నేసి ఉంచండి," అన్నాడు. అందరూ ఎప్పట్లాగే నవ్వారు. భోజనాలయ్యాక పేర్లు పిలుస్తారు. ఒక్కొక్క ఖైదీ పేరు, అతని పిల్లల పేర్లు చదువుతుంటే ఆ బిడ్డ సంతతివాళ్ళు లేచి నిలబడాలి. అదొక్కటే మా పూజ.

"ఆలిస్టర్ కిన్నెల్," అని చదివాడాయన. "కూతురు ఆన్."

కొరీన్ ఒక్కతే లేచింది. ఆ పేరు మా హాల్లో చదవడమే అదే మొదలు, కొరీన్ చెప్పి చేర్పించింది. చప్పట్లు కొట్టారు.

"కొడుకు డేనియల్."

నేను లేచాను. డేనియల్ సంతతిలో ఇక్కడ మిగిలింది మేమిద్దరమే. ఏటా ఇద్దరం లేస్తాం, మెర్ల్ నా మోచెయ్యి పట్టుకుంటాడు. ఆ రోజు మోచేతికి వాడి చెయ్యి తగలలేదు. తిరిగి చూస్తే వాడు కూర్చునే ఉన్నాడు, కాగితపు పళ్ళెం అంచు చింపుతూ. అవతల కొరీన్ నేలకేసి చూస్తోంది. పీటర్సన్ గారు ఒక్క క్షణం ఆగి తర్వాతి పేరు చదివాడు. డెబ్బైమంది మధ్య నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను, ఇక కూర్చోవచ్చో లేదో తెలియక.

దారిలో అడిగితే మోకాలు నొప్పన్నాడు. ఆ ఉదయమే ఆ మోకాలితో నిచ్చెనెక్కి పొగగొట్టం చూసొచ్చాడు.

సోమవారం నేను లైబ్రరీకి వెళ్ళాను. నేను ఎనిమిదో తరగతితో మానేసి చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేరినదాన్ని. చదువంతా ఆ లైబ్రరీలోనే, లైబ్రేరియన్ తిబొడో గారి ఎదుటి బల్ల దగ్గరే. నేను వెళ్ళింది కొరీన్ గుట్టు బయటపెట్టాలని. ఆన్ అనే కూతురే లేదని తేలితే చాలు, కొరీన్ దొంగ చుట్టమని మెర్ల్ ముందు పెట్టొచ్చు. పాత ఊరి రికార్డులు అచ్చేసిన పుస్తకం అడిగాను. తిబొడో గారు అది ఇస్తూ, "ఇంకోటి కూడా కావాలా? మీ చుట్టాలావిడ ఈ రెండూ కలిపే చూసేది," అంది. రెండోది పాత కోర్టు రికార్డు.

ఆన్ ఉంది. 1659లో పుట్టింది. తల్లి మార్జరీ, తండ్రి ఆలిస్టర్. కొరీన్ ఒక్క అక్షరం కూడా కల్పించలేదు. కింద డేనియల్ కూడా ఉన్నాడు, 1662 మార్చి 10. అమ్మ బైబిల్లో రాసి ఉన్న తేదీయే.

అంతటితో లేచి వచ్చేయాల్సింది. కోర్టు పుస్తకం తెరిచాను. మార్జరీ కిన్నెల్ 1665లో న్యాయమూర్తుల ముందు చెప్పుకున్న మాటలు నాలుగు వరుసలున్నాయి. తన భర్త 1662 మార్చి 30న ఓడెక్కి వెళ్ళాడని, ఆనాటినుంచి చావుబతుకులు తెలియలేదని, తనను దిక్కులేనిదానిగా ఎంచాలని.

అయితే రాయి కింద అతను లేడు. ముందు అదే తట్టింది. తర్వాత కోపమొచ్చింది. ఇరవై రోజుల పసిగుడ్డును వదిలి ఓడెక్కాడా? ఏం మనిషి? ఎవరెట్ గుర్తొచ్చాడు.

బడిలో పద్ధతిగా చదువుకున్నవాళ్ళు పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు వదిలేస్తారేమో. నేను వదలను. ఆ కాలంలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేదని, కాబట్టి జనవరి ఒకటినుంచి మార్చి 24 దాకా ఉన్న తేదీలను మన లెక్కలో తర్వాతి ఏడాదివిగా చదువుకోవాలని అక్కడ రాసి ఉంది. మూడుసార్లు చదివాను. మార్చి 30 అంటే 1662 కొత్తగా పుట్టిన వారం. మార్చి 10 అంటే అదే 1662 ముగిసిపోయే ముందు, మన లెక్కలో 1663. తండ్రి వెళ్ళింది ముందు. కొడుకు పుట్టింది వెనక. బల్ల కింద వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. పదకొండు నెలల పది రోజులు.

అమ్మ, నాయనమ్మ, ఏటా మా పేర్లు చదివే పీటర్సన్ గారు, అందరం ఆ తేదీని ఈనాటి క్యాలెండరుతోనే చదువుకున్నాం. డేనియల్ ఆలిస్టర్ కొడుకు కాడు. ఎవరి కొడుకో ఏ పుస్తకంలోనూ లేదు. మార్జరీ భర్త ఇంటిపేరు బిడ్డకు పెట్టి ఊరుకుంది. నేను ఆవిడను తప్పుపట్టలేకపోయాను. నేనూ ఎవరెట్ ఇంటిపేరు ఇప్పటికీ మోస్తున్నాను.

ఆ రెండు పేజీలూ తిబొడో గారిచేత కాపీ తీయించుకుని, మడిచి ఏప్రాను జేబులో పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ దారంతా నాకు సంతోషంగానే ఉంది. మెర్ల్‌ను ఆపే కాగితం నా దగ్గరుంది. వాడు ఆలిస్టర్ రక్తం కాదు. స్కాట్లండ్‌లో వాడికేం పని?

రెండు రోజులు ఆగి, పొద్దున కాఫీ తాగుతుంటే వాడి పళ్ళెం పక్కన పెట్టాను. తేదీల కింద పెన్సిలు గీత గీశాను. వాడు కళ్ళజోడు పెట్టుకోలేదు.

"దొరికిందన్నమాట," అన్నాడు.

వాడు లేచి కట్టెల కొట్టంలోకి వెళ్ళి, గోడకు తగిలించిన పాత వానకోటు జేబులోంచి గోధుమరంగు కవరు తెచ్చాడు. కోటు నాన్నది. నేను ముట్టుకోనని వాడికి తెలుసు. లోపల పరీక్ష ఫలితం. కిన్నెల్ మగవాళ్ళ రక్తంతో మెర్ల్ రక్తం కలవలేదు. ఎందుకు కలవలేదో కొరీన్ వెతికి, నేను చూసిన పేజీలే చూసింది. జూలైలోనే వాడికి చెప్పింది.

"ఇల్లు అమ్మే కాగితాలనుకున్నాను," అన్నాను.

"ఏ ఇల్లు?" అని నాకేసి కాసేపు చూశాడు. "అక్కా, అందుకా సొరుగులన్నీ కలబెట్టింది? నేను ఎలుకలనుకుని బోను పెట్టాను."

నాకు నవ్వు రాలేదు. వాడే తర్వాత మెల్లిగా అన్నాడు, "అరవై ఆరేళ్ళు ఊడ్చావు ఆ రాయిని. దాని కింద అతను లేడని నేనెలా చెప్పను? నాన్నకు రాయే లేకపోయె."

"మరి హాల్లో ఎందుకు కూర్చుండిపోయావు?"

"తెలిసీ నిలబడలేకపోయాను."

పొయ్యి మీద కాఫీ మరిగిపోతోంది. లేచి దింపాను. వెనక్కి తిరక్కుండానే అడిగాను, చుట్టం కానివాడి ఊరికి ఇంకెందుకు వెళ్ళడమని. వాడి దగ్గర జవాబు ఉండదనుకున్నాను. ఉండకూడదనుకున్నాను.

"మూడొందల యాభై ఏళ్ళు ఆ మనిషి పేరు వాడుకున్నాం కదా," అన్నాడు. "మనల్ని అడక్కుండా వదిలిపోయాడు, మనమూ అతన్ని అడక్కుండా వాడేసుకున్నాం. ఇల్లు చేరాడో లేదో ఒక్కసారి చూసి రావద్దా?"

"చూస్తే తెలుస్తుందా?"

"తెలియదు."

ఇంకో మాట వాడినుంచి లాగాలని చూశాను, కొరీన్ గురించి. వాడు కప్పు కడిగి బోర్లించి, కట్టెలు కొట్టడానికి వెళ్ళిపోయాడు. అందుకని ఆవిడతో అక్కడే ఉండిపోతాడేమోనన్న ఒక్క అనుమానం నాతోనే ఉండిపోయింది. సెప్టెంబరు ఎనిమిదిన మాత్రలు లెక్కపెట్టింది అందుకే. తొమ్మిదో తేదీ ఉదయం తన మాత్ర పాతసీసాలోంచి వేసుకుని, కొత్తసీసా ఉన్న సంచి భుజానికి తగిలించుకుని, వాడు కొరీన్ కారెక్కాడు. అంతకుముందు కట్టెల కొట్టం గడప మీద నిలబడి, "ఇరవై మూడు, సోమవారం. చిక్కుడుగింజలు శనివారానివి కొంచెం మిగిల్చి ఉంచు," అన్నాడు.

వాడు ఫోనులో రెండుసార్లు మాట్లాడాడు. వాన పడుతోందన్నాడు. కిన్నెల్‌లు ఉండే ఊళ్ళో పాతచర్చి ఉందని, దాని తోటలో రాళ్ళన్నీ చదువుతున్నామని, ఆలిస్టర్ దొరకలేదని, దొరక్కపోయినా బాగుందని అన్నాడు. ఇరవై ఒకటిన మూడోసారి మోగినప్పుడు కొరీన్ గొంతు. పొద్దున బస చేసిన ఇంట్లో మంచం మీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నాడట. ఒక బూటే కట్టుకున్నాడట.

పంపించమంటారా, ఇక్కడే ఉంచమంటారా అని అడిగింది. ఆ చర్చి తోటలో ఆకులు ఎవరైనా ఊడుస్తారా అని అడిగాను. ఆవిడ అవతల ఎవరినో అడిగి వచ్చింది. ఊడుస్తారు, ప్రతి శనివారం అంది. అయితే ఉంచమన్నాను.

అక్టోబరులో ఒకరోజు ముందు తలుపు చప్పుడైంది. చుట్టూ తిరిగి వెళ్ళి చూస్తే కొరీన్, చేతిలో మెర్ల్ సంచి. కట్టెల కొట్టంలోంచి ఎందుకు రాలేదని అడిగాను. రావచ్చో లేదో తెలియలేదండీ అంది. తీసుకొచ్చి వంటింట్లో కూర్చోబెట్టి, అలమారలోని మూడు పళ్ళేల్లోంచి రెండు తీసి బల్ల మీద పెట్టాను.

ఆవిడ వెళ్ళాక సంచి విప్పాను. పక్కజేబులో సీసా అలాగే ఉంది. తువ్వాలు పరిచి ఒంపి లెక్కపెట్టాను. డెబ్బై తొమ్మిది. పదోతేదీనుంచి ఇరవైదాకా పదకొండు. ఆ రోజుది వేసుకోలేదు. కొరీన్ అబద్ధం చెప్పలేదు.

స్కాట్లండువాడి రాయి చుట్టూ నేనింకా ఊడుస్తాను. ఎవరో ఒకరున్నారు దాని కింద.

ఆలిస్టర్ కిన్నెల్ 1662 మార్చి 30న వెళ్ళాడు, తిరిగి రాలేదు. నాన్న 1951 నవంబరు 14న వెళ్ళాడు, తిరిగి రాలేదు. మా తమ్ముడు మెర్ల్ కిన్నెల్ 2019 సెప్టెంబరు 9న వెళ్ళి, 21వ తేదీ ఉదయం చనిపోయాడు. తిరిగి రాలేదు.